మూత తీయని వైపు వెలుగు

తోరణగల్లు దగ్గరి ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను డిజైన్ పని చేస్తున్న రోజులు. పాత ఆయిల్ కూలర్ సరిగా చల్లబరచడం లేదని కొత్తది చేయించమన్నారు. మనిషి పట్టేంత లావు ఇనుప షెల్, లోపల పొడవునా సన్నటి ట్యూబులు. ట్యూబుల్లో నీళ్లు, చుట్టూ వేడి నూనె. నూనెలోని వేడి ఆ నీళ్లలోకి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె ఒకటి ముందు ఊహించుకోవాలి. దాన్నిబట్టి ఎన్ని ట్యూబులో తేలుతుంది. ఆ ట్యూబులతో మళ్లీ లెక్క కడితే ఊహించిన అంకె దగ్గరికే రావాలి. రాకపోతే మళ్లీ మొదటికి.

నాకు వచ్చింది. నీళ్లు శుభ్రమైనవేనని చెప్పారు కాబట్టి, నీళ్లలోని సున్నం ట్యూబుల్లో గట్టిపడి పట్టే గారకు లెక్కలో కొంచెమే వదిలాను. ఆర్డరు పెట్టే ముందు పాతదాన్ని ఒకసారి చూద్దామని షెడ్డుకు వెళ్లాను.

భోజనాల వేళ. ఎవరూ లేరు. కూలర్‌కు ఈ చివర మూత విప్పి పక్కన పెట్టారు. వంగి చూశాను. ప్రతి ట్యూబు అవతలి కొసనా వెలుగు, జల్లెడ ఎండకు పట్టినట్టు. చూస్తుండగానే ఎడమ అంచున కొన్ని చిల్లులు చీకటయ్యాయి. తర్వాత వాటి పక్కవి. ఆ చీకటి నిదానంగా జరిగి నడిమధ్య ఆగింది. అవతల ఎవరో నడిచివచ్చి నాలాగే వంగి చూస్తున్నారనుకున్నాను.

"ఎవరప్పా ఆడ?"

తడి ఇనుము వాసనతో చల్లటి గాలి ముఖానికి తగిలింది.

కాసేపటికి ఫిట్టర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆ పక్క ఎవరు పనిచేస్తున్నారని అడిగాను.

"ఆ పక్క మూత ఇంగా ఇప్పనే లేదు మేడమ్. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకోని ఉండాయి."

వెళ్లి చూశాను. మూత మీద ఎర్రటి దుమ్ము కూడా చెదరలేదు.

సాయంత్రానికి బోల్టులు కోసి ఆ మూత తీశారు. మళ్లీ వంగి చూస్తే ఒక్క ట్యూబులోంచీ వెలుగు రాలేదు. లోపల గార రాయిలా పూడుకుపోయింది.

"మధ్యాన్నం ఏం చూసినారు మేడమ్?" ఫిట్టర్ మెల్లగా అడిగాడు.

"వెలుగు."

అతను నా వైపు చూడలేదు. "బిడ్రి మేడమ్, ఇడిసిపెట్టండి. ఆ మాట ఈడ వద్దు."

గారకు ఎక్కువ వదిలి మళ్లీ లెక్క కట్టాను. అంకె బాగా పడిపోయింది, ట్యూబులు పెరిగాయి. ఎందుకని మేనేజర్ అడిగితే గార పెళ్ల ఒకటి టేబుల్ మీద పెట్టాను. ఒప్పుకున్నాడు. కొత్త కూలర్ బాగానే నడుస్తోంది.

ఆ ఫిట్టర్ మాత్రం అది బిగించకముందే వేరే షెడ్డుకు పని మార్పించుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.