కుండ కింద మొవ్వు

మారతహళ్ళిలో మేముండే ఐదో అంతస్తు ఫ్లాటులో బాల్కనీ తలుపు తీస్తే చాలు, తడి సున్నం, మైలుతుత్తం కలిసిన పచ్చి వాసన గుప్పున ముక్కుకు తగులుతుంది. గోడకు చెమ్మ దిగుతోందేమోనని పక్క ఫ్లాటువాళ్ళు వాచ్‌మన్‌ చేత కబురు కూడా పెట్టించారు. చెమ్మా కాదు, పాడూ కాదు, అది మా నాయన వైద్యం. బాల్కనీ మూల పెద్ద తొట్టి, తొట్టిలో నా నడుమెత్తు కొబ్బరి మొక్క, దాని నడినెత్తిన బోర్లించిన మట్టి ముంత. ఆ ముంత కోసం కుందలహళ్ళి దాకా వెళ్ళి ముంత పెరుగు కొనుక్కొచ్చి, పుల్లటి ఆ పెరుగును ఇంట్లో అందరి చేతా బలవంతంగా తినిపించాను. ఆఫీసు మీటింగులో ఉన్నా నా కన్ను దాని మీదే. వాన ఎప్పుడు పడుతుందో చెప్పే యాప్‌ ఒకటి ఫోనులో ఉంది, ఇప్పుడే చూస్తాను, ఫోను కింద పెడతాను, మళ్ళీ తీస్తాను. ఈ కుదురులేని రోగం నాకు ఎవరి నుంచి అంటిందో ఆ వాసన తగిలిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

కుందలహళ్ళికీ కె.ఆర్.పురానికీ మధ్య, ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ చోట, మాకొక చిన్న తోట ఉండేది. తోటంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ముందువైపు పెంకుటిల్లు, వెనక బావి, బావి చుట్టూ కొబ్బరిచెట్లు, వాటి నీడలో వరసలుగా అమ్మకానికి పెట్టిన కొబ్బరి మొక్కలూ, వక్క మొక్కలూ, బంగళాల వాళ్ళు గేటుకు రెండు పక్కలా నాటుకునే సోకు పామ్ మొక్కలూ, అంతే. ఇంటికి పెద్ద అవ్వ, అంటే నాయన తల్లి. ఆమె తర్వాత నాయన, అమ్మ, నేను. మా నలుగురి మీదా పెత్తనం మాత్రం ఆకాశానిది.

మార్గశిరంలో మంచు దిగిందంటే బావి కనపడేది కాదు, వక్క మొక్కల ఆకుకొనలు కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగేవి, నాయన తెల్లారకముందే లేచి వాటి మీద కప్పిన గోనెపట్టాలు సర్దుతూ తిరిగేవాడు, నేను గోడవార ఎండపొడలో కూర్చుని అనపకాయలు ఒలిచేదాన్ని, ఆ జిడ్డు వాసన బడికి వెళ్ళినా వేళ్ళను వదిలేది కాదు, మధ్యాహ్నం ఆ గింజలు నానబెట్టి పొట్టు తీసి చేసిన పితికిపప్పు పులుసూ వేడి సంగటీ కడుపులో పడితే తప్ప చలి వదిలేది కాదు. ఉగాదికి పెనం మీద ఓళిగలు, అంటే బొబ్బట్లు, కాలుతుండగానే ఎండ ముదిరి ఎర్రదుమ్ము లేచేది. ఆ దుమ్ము మీద ఒక సాయంత్రం ఉన్నట్టుండి మామిడి వాన, వానతో పాటు వడగళ్ళు, నేను గౌను ఎత్తిపట్టి వాటిని ఏరుకుంటుంటే, నా వెనక నాయన చీలికలైపోయిన ఆకులను చూసి మబ్బులను అమ్మనాబూతులు తిట్టేవాడు. ఆషాఢం గాలికి ఎండు మట్టలు దబదబా రాలేవి. చుట్టుపక్కల పిల్లలం చేరి, ఆ మట్టల మీద ఒకరిని కూర్చోబెట్టి ఇంకొకరం బురదలో ఈడ్చుకుపోవడం మా ఆట, ఆకుతో వాచీలూ బూరలూ చేసుకోవడం ఇంకో ఆట. కార్తీకంలో మద్రాసు వైపు నుంచి ముసురు పట్టేది. కె.ఆర్.పురం రైలు కూత చెవి పక్కనే కూసినట్టు వినిపిస్తే గాలి అటునుంచి తిరిగిందని, వాన వస్తుందని గుర్తు. ఆ కూత వింటే చాలు, నాయన తినే కంచం వదిలేసి లేచేవాడు.

అసలు మా నాయన కూర్చుని అన్నం తిన్నది నేను చూడలేదు. గడప మీద ఒక కాలు, వాకిట్లో ఒక కాలు, చేతిలో ముద్ద, కన్ను మబ్బు మీద. కాలుగాలిన పిల్లి అనేది అమ్మ. "నా మెడలో తాళి కట్టేటప్పుడు గూడా పైకి చూసినాడు ఈ మనిషి. పందిరి మీద మబ్బు పట్టి ఉండాదని!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. అవ్వ మాత్రం నవ్వేది కాదు.

"మబ్బుకు నువ్వేమన్నా మేనమామవా, నీకు చెప్పి వచ్చేదానికి? వాన రాకడా ప్రాణం పోకడా ఎవురికి ఎరుక? సుమ్నే, ఊరికే కూర్చోని తినప్పా," అనేది.

నాయన భయానికి ఒక కారణం ఉంది. బావి గట్టున, మిగతా చెట్ల కంటే కొంచెం వంగి, మా తాత నాటిన కొబ్బరిచెట్టు ఒకటి ఉండేది. బెంగళూరు చలి కొబ్బరికి గిట్టదు. సముద్రం పక్క నుంచి తెచ్చి నాటిన చెట్లు ఇక్కడ బతుకుతాయి, ఎత్తుగా కూడా పెరుగుతాయి, కానీ చలి ముదిరితే పిందెలన్నీ జలజలా రాల్చేస్తాయి. ఈ చెట్టు రాల్చేది కాదు. ఎంత మంచు కురిసినా దాని గెలలు చెక్కుచెదరకుండా ఉండేవి. దాని కాయలనే మొలకెత్తించి మొక్కలు చేసేవాళ్ళం. హోసకోట నుంచీ, కోలారు నుంచీ రైతులు వచ్చి, "తల్లిచెట్టు మొక్కే కావాలప్పా, ఇంకోటి వద్దు" అని అడిగి పట్టుకుపోయేవాళ్ళు. మా తోటకు పేరన్నా, మా ఇంట్లో పొయ్యి వెలిగిందన్నా ఆ ఒక్క చెట్టు వల్లే. దానికి వానో గాలో ఎక్కడ కీడు చేస్తుందోనన్నదే నాయన గుబులు.

నేను ఆరో తరగతిలో ఉండగా ముసురు ఎంతకీ వదలని ఒక ఆషాఢం వచ్చింది. ఉతికిన బట్టలు ఆరక ఇల్లంతా ముక్కిన వాసన, గోడల మీద బూజు, అవ్వ కీళ్ళ నొప్పులతో మూలుగులు, నాయన వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుళ్ళు. ఒకరోజు కాళ్ళకు తాడు తగిలించుకుని తల్లిచెట్టు ఎక్కినవాడు చాలాసేపు కిందికి దిగలేదు. దిగినప్పుడు చేతిలో పసుపుపచ్చగా మారిన మొవ్వాకు ఉంది, దాని మొదలు మెత్తగా కుళ్ళి, దూరం నుంచే కంపు కొడుతోంది. మొవ్వంటే కొబ్బరిచెట్టు నడినెత్తిన ఉండే లేతచిగురు. వేపచెట్టుకో చింతచెట్టుకో ఒక కొమ్మ పోతే ఇంకో కొమ్మ వస్తుంది. కొబ్బరికి ఉన్నది ఒకటే మొవ్వు, అది పోతే ఎంతెత్తు చెట్టయినా పోయినట్టే. మెల్లగా లాగితే మొవ్వాకు చేతికి ఊడి వచ్చిందని నాయన చెప్పాడు. చెప్పి ఆ ఆకు పట్టుకునే వానలో చెట్టు చుట్టూ తిరిగాడు. అమ్మ చేతిలోంచి చేట జారిపోయింది.

ఆ సాయంత్రమే వైద్యం మొదలైంది. నాయన మళ్ళీ ఎక్కి కుళ్ళిందంతా కత్తితో చెక్కేశాడు. కింద అమ్మ సున్నమూ మైలుతుత్తమూ కలిపి నీలిరంగు ముద్ద చేస్తే, దాన్ని డబ్బాలో వేసి తాడుతో పైకి లాగి, కోసిన చోటంతా పూశాడు. ఆ తర్వాత అవ్వ వంటింట్లోంచి తన మజ్జిగ కుండ తెచ్చి ఇచ్చింది. వాన నీళ్ళు గాయంలోకి దిగకుండా ఆ కుండను చెట్టు నెత్తిన బోర్లించి, కొత్త మొవ్వు తనంతట తాను వచ్చేదాకా ఆగాలి. అదొక్కటే మిగిలిన పని, మా నాయనకు చేతకాని పని కూడా అదే.

ఎన్ని తిరుగుళ్ళు తిరిగాడో! బావి చుట్టూ గడ్డి అణిగి దారి పడింది. ముసురు కాస్త తెరిపి ఇస్తే కాళ్ళకు తాడు తగిలించుకునేవాడు, అవ్వ దగ్గితే విప్పేసేవాడు. నేను బడి నుంచి పరుగెత్తుకొచ్చి పుస్తకాల సంచి వాకిట్లోనే పడేసి పైకి చూసేదాన్ని. మట్టల మధ్య నల్లగా కుండ అడుగు తప్ప ఏమీ కనపడేది కాదు.

"పదేపదే మూత తీసి చూస్తా ఉంటే సంగటి ఎట్ల ఉడుకుతాదిరా? దాని పని అది చేసుకుంటాది. నువ్వు ఊరికే ఉండు," అని అవ్వ అరుగు మీంచే కాపలా కాసేది.

శ్రావణంలో ఒక పొద్దున ఎండ వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన ఎండ! ఇంట్లో ఉన్న చాపలూ బొంతలూ బియ్యమూ పప్పులూ అన్నీ వాకిట్లోకి వచ్చాయి, అవ్వ కూడా ఎండలో కూర్చుని కునికింది. ఆమె కన్ను మూతపడగానే నాయన చెట్టు మీద ఉన్నాడు. పైనుంచి ఒక్క కేక పెట్టాడు. ఆ కేకకు కాకులు లేచిపోయాయి. "వచ్చిండాది! పాపా, మొవ్వు వచ్చిండాది! వేలంత ఉండాది, తెల్లగా, పాల మాదిరి!" నేను బావి చుట్టూ గంతులు వేశాను. అమ్మ పొయ్యి మీద గసగసాల పాయసానికి బెల్లం పెట్టేసింది. నాయన దిగి వచ్చాడు, ముఖమంతా నవ్వు, చంకలో కుండ.

"కుండ ఏల దించుకోని వచ్చినావురా?" అని అవ్వ అడిగింది.

"ఎండ తగలనీ అమ్మా. ఇన్ని దినాలు చీకట్లో ఉండాది పాపం. ఆకాశం చూడు, అద్దం మాదిరి ఉండాది."

అవ్వ ఆకాశం చూడలేదు, కుండను చూసింది. పాయసం తిన్నాం. ఆ ఒక్క పూట నాయన కూర్చుని తిన్నాడా అంటే, లేదు, ఆ పూట కూడా నిలబడే తిన్నాడు.

పొద్దు వాలుతుండగా రైలు కూత వినిపించింది, చెవి పక్కనే. తలెత్తేసరికి తూర్పంతా నల్లగా ఉంది. బొంతలు లోపలికి చేరేలోపే వాన కుండపోతగా దిగింది. నాయన కుండ మెడకు తాడు కట్టి వీపున వేసుకుని చెట్టెక్కబోయాడు. తడిసిన మాను పాచిపట్టి ఉంది, నిలువెత్తు కూడా ఎక్కకుండానే జారి రొమ్మంతా గీరుకుపోయింది. మళ్ళీ ఎక్కబోతే అమ్మ వెనక నుంచి నడుము పట్టేసింది. అవ్వ వానలోకి వచ్చి నాయన రెండు చేతులూ పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఒక చెట్టుకు నిన్ను ఇయ్యలేనురా. పోతే పోనీ!" అంది అవ్వ. ఆమె అంత గట్టిగా అరవడం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

నాయన కుండ పట్టుకుని చూరు కింద ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతూ పైకి చూస్తూనే ఉన్నాడు. వాన ఆగలేదు, మళ్ళీ ముసురు పట్టింది. మాను ఎక్కడానికి వీలయ్యేసరికి ఆ లేత మొవ్వు నీరుకారిపోయింది. ఆ తర్వాత కొత్త ఆకు రాలేదు. పాతవి ఒక్కొక్కటే వాలి రాలిపోయి, ఉగాదికంతా తల లేని మాను మిగిలింది. దాన్ని నాయన కొట్టించలేదు, చిలకలు దాంట్లో తొర్ర చేసుకుని పిల్లలు పెట్టాయి. మిగిలిన దాని మొక్కలు అమ్ముడైపోయాక సముద్రం పక్క నుంచి కాయలు తెప్పించి మొక్కలు చేశాం, అవి చలికి పిందెలు రాల్చాయి, కొన్నవాళ్ళు వచ్చి నిలదీశారు, మెల్లగా రావడం మానేశారు. తోట పోవడానికి ఆ తర్వాత ఇంకా చాలా కారణాలు వచ్చాయి, రోడ్డు వెడల్పయింది, లేఅవుట్‌ వేశారు, కానీ మా ఇంట్లో ఎవరిని అడిగినా ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టి చెబుతారు. అవ్వ చనిపోయేదాకా ఒక్కసారి కూడా "నేను చెప్పలేదా" అనలేదు. అనేసి ఉంటే నాయనకు కాస్త తేలికయ్యేదేమో.

అమ్మ పోయాక నాయన నా దగ్గరికే వచ్చేశాడు. ఫ్లాటులో ఆయనకు దిక్కులు తెలియవు. టవర్ల సందుల్లోంచి ఆకాశాన్ని వెతుక్కుంటూ వంటింటి కిటికీ నుంచి బాల్కనీకీ, బాల్కనీ నుంచి లిఫ్టుకూ తిరుగుతుంటాడు. క్యాబులో వెళ్ళేటప్పుడు కొబ్బరిచెట్టు కనపడితే చాలు, "ఆపప్పా, ఆపు, ఇది మనదేమో" అని డ్రైవరును ఆపించేస్తాడు. పోయిన జనవరిలో హోసకోట దగ్గర అట్లా ఆపించిన చెట్టు నిజంగా మాదే అయింది. గజగజలాడించే చలి, చెట్టు నిండా పిందెలు, కింద నేల మీద ఒక్కటీ లేదు. ఆ ఇంటి ముసలాయన మా తాత దగ్గర మొక్క కొన్న మనిషే. ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు, చెట్టు వారంలో పోతుందన్నాడు. నాయన ఎండిన కాయ ఒకటి అడిగి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఆ కాయ మొక్కే ఇది. వచ్చే వేసవికి మా ఆడపడుచు వాళ్ళ చేలో నాటాలని అనుకున్నాం.

ఈ కార్తీకంలో ముసురు పట్టింది. మొవ్వాకు పసుపుపచ్చబడింది, నాయన లాగితే చేతికి వచ్చేసింది. కూరగాయల కత్తితో కుళ్ళు చెక్కాడు, నేను ముద్ద కలిపి పూశాను. ముంత ఆయన చేతికి ఇవ్వబోతే వెనక్కి జరిగాడు.

"నువ్వే పెట్టు పాపా. నా చెయ్యి వద్దు."

అప్పటి నుంచి ఇంట్లో మా వేషాలు తారుమారయ్యాయి. తిరిగేది నేను, అడ్డం పడేది ఆయన. ఈ మధ్యాహ్నం ఎండ విరగకాసింది. యాప్‌ చూశాను, వాన లేదంది. ఒక్కసారి చూద్దాం, ఒక్క క్షణమే కదా అని ముంత అంచు పట్టుకున్నాను. "వద్దు పాపా," అని వెనక నుంచి వినిపించింది. చెయ్యి తీసేశాను.

రైలు కూత ఇప్పుడు ఇక్కడికి వినపడదు, రింగురోడ్డు హోరులో ఏ కూతా వినపడదు. అనపకాయల వాసన లేదు, గోనెపట్టాలు లేవు, చెట్టు కింద నిలబడి తల్లిచెట్టు మొక్కే కావాలని అడిగేవాళ్ళు లేరు, అరుగు మీద దగ్గే అవ్వ లేదు. అందుకని సాయంత్రం టవర్ల వెనక నుంచి మబ్బు ఎప్పుడొచ్చిందో మాకు తెలియలేదు. ఉన్నట్టుండి గాలి లేచి బాల్కనీ తలుపు దడేలున కొట్టుకుంది. చూస్తే నాయన అప్పటికే బయట ఉన్నాడు. ముంత ఒక పక్కకు ఒరగబోతుంటే తన కుడిచెయ్యి దాని మీద పెట్టి అదిమి పట్టుకున్నాడు. వాన ఏటవాలుగా కొట్టి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"లోపలికి రా నాయనా, తడిసిపోతుండావు!" అని అరిచాను.

"తడిస్తే కుళ్ళేదానికి నేనేమన్నా మొవ్వునా? నువ్వు తలుపేసుకో," అన్నాడు.

తలుపు వేయలేదు. గొడుగు తెచ్చి పట్టాను, గాలికి అది తిరగబడింది, పారేశాను. ఇద్దరం తడిశాం. వాన చాలాసేపు పడింది. మా నాయన ఒకచోట కదలకుండా నిలబడగా నా జన్మలో చూడటం ఇదే మొదటిసారి. పైకి ఒక్కసారి కూడా చూడలేదు.