గంగామణి ఊదాల్సిన పూలు

1972. నిజామాబాద్‌లో ఓ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో నేను సిస్టర్‌ని. బతుకమ్మ రోజులు. బోధన్ పక్క చెరకు పండించే ఇంటి కోడలు గంగామణి ఎంపైయీమాతో చేరింది. అంటే ఊపిరితిత్తి చుట్టూ చీము. చెస్ట్ ట్యూబ్ అనే గొట్టాన్ని పక్కటెముకల మధ్య పెట్టి, రెండో కొసను నీళ్ల సీసాలో ముంచి చీము తీశాం. ఇక నలిగిన ఊపిరితిత్తి విచ్చుకోవాలి. లేకుంటే పక్కటెముక కోసి మళ్లీ ఆపరేషన్. అది తప్పించడానికి ఆ రోజుల్లో మేం బెలూన్లు ఊదించేవాళ్లం.

"నేనేమన్న చిన్నపోరినా? బుగ్గలూదుడేంది?" అని గంగామణి గోడవైపు తిరిగింది. బుగ్గలంటే ఇక్కడ బెలూన్లే.

మనిషితోనైతే ఎంతసేపైనా వాదిస్తాను. వీపుతో ఏం వాదించను? పండక్కి ఇంట్లో లేనన్నదే ఆమె దిగులని తెలిసి, బస్టాండు దగ్గర బుగ్గలమ్మే చాచాను పట్టుకుని పొడుగు బెలూన్లు కొన్నాను, వాటితో పూలు చేయడం నేర్చుకున్నాను. ఊదిన బెలూన్ రెండు కొసలూ ముడేసి, మడిచి మధ్యలో మెలితిప్పితే రేకులు. ఆకుపచ్చది కాడ. మొదటి పువ్వు ఆమె మంచం మీద పెట్టాను.

"గిదేం పువ్వు సిస్టర్?"

"తంగేడు."

"గోబిపువ్వు లెక్కున్నది."

"అయితే నువ్వు చెయ్. ఊది చెయ్."

మర్నాటి నుంచి మంచం నిండా పూలే. నిజంగానే నాకంటే బాగా చేసింది. డాక్టరు గారు మెచ్చుకున్నారు. ఎక్స్-రే మెచ్చుకోలేదు. ఊపిరితిత్తి అంగుళం కదల్లేదు. "ఇక కోయక తప్పేట్టు లేదు" అన్నారాయన.

అన్ని బెలూన్లు ఊదినా ఫలితం లేదంటే నాకు నమ్మకం కుదరక, చుట్టాలను లోపలికి వదిలే వేళకు వార్డులోకి వెళ్లాను. గంగామణి అత్తగారూ, ఆమెతో వచ్చిన వాడకట్టు ఆడవాళ్లూ కింద వలయంగా కూర్చుని, బతుకమ్మ పేర్చే రోజు పూలు అందించుకున్నట్టు, తలా ఒకటి ఊది పైకి అందిస్తున్నారు. గంగామణి దర్జాగా మెలిపెడుతోంది.

"అవ్వా, మీరెందుకు ఊదుతున్నరు?"

"పిల్లకు ఆయాసమైతున్నది సిస్టరమ్మా. పదిమందిమి ఉన్నం, పని పంచుకుంటే తప్పా?" అంది అత్తగారు.

"ఆమె ఆకలికి నువ్వు తింటే ఆమె కడుపు నిండుతదా?"

"ఎట్ల నిండుతది?"

"గిదీ గంతే. ఊదుడే ఆమె దవా. లేకుంటే పక్కబొక్క కోస్తరు."

ముసలమ్మ నోట్లో ఉన్న బెలూన్ తుస్సుమంది. "గిది ముందుగాల చెప్పొద్దా? బుగ్గలు ఊదాలన్నవు. గామె ఒక్కతే ఊదాల్నని అన్నవా?"

మిగిలిన బెలూన్లన్నీ ఆవిడ చేతికే ఇచ్చాను.

ఆ రోజు నుంచి కాపలా ఆవిడదే. ఎవరైనా చెయ్యి చాపితే, "మా కోడలి దవా మీరెందుకు మింగుతరే?" అని కసిరేది. గంగామణి కళ్లనీళ్లతో ఊదింది. మొదటి బెలూన్ సగానికే ఆగింది, కానీ సీసాలో నీళ్లు బుడగలు వేశాయి. ఊపిరితిత్తి విచ్చుకుంటూ చుట్టూ చిక్కిన గాలిని బయటికి తోస్తోందన్నమాట. అంతకు ముందు అక్కడ ఒక్క బుడగా రాలేదు.

తర్వాతి ఎక్స్-రేలో ఊపిరితిత్తి ఛాతీ గోడ దాకా వచ్చింది. డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకు పట్టి, "కోత అక్కర్లేదు" అన్నారు.

ఆ కేసు తర్వాత ఏ వైద్యమైనా, అది ఎందుకు చేస్తున్నామో ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పేదాన్ని. మా జిల్లాలో రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాదు. సగం వాడకట్టు వెంట వస్తుంది. వాళ్లకు అర్థమైతే వాళ్లకంటే గట్టి నర్సు లేదు.