గీత మీద గూడు

కమినుమా స్టేషన్‌లో మనం రైలు మారక్కర్లేదు, డ్రైవరే మారతాడు. తూర్పున ముల్లంగి తోటల మధ్య నుంచి వచ్చిన రైలే మా ఊరు దాటాక నేలలోకి దూరి టోక్యో కడుపు కిందకి పోతుంది. మా ఊరిదాకా లోకల్ కంపెనీ మనిషి తోలతాడు, ఆపైన భూగర్భ కంపెనీ మనిషి. ఒకాయన దిగి సెల్యూట్ కొడతాడు, ఇంకొకాయన సెల్యూట్ కొట్టి ఎక్కుతాడు. లోపల కునుకు తీసేవాళ్ళకి ఇదేమీ పట్టదు.

ప్లాట్‌ఫాం కూడా అంతే. నేలంతా ఒకటే సిమెంటు. నడిమధ్యన అడ్డంగా ఒక పసుపు టేపు. టేపుకి తూర్పు లోకల్ కంపెనీది, పడమర భూగర్భ కంపెనీది. తూర్పు సగం తుడిచేది మా వీధిలో ఉండే షిగెనో పిన్ని. పడమటి సగం తుడిచేది ఉసుయి అనే పెద్దాయన.

పిన్నికి అరవై ఒకటి. మనిషి నా భుజం దాకా వస్తుంది, గొంతు మాత్రం పైవంతెన దాకా వినిపిస్తుంది. తలకి తువ్వాలు, ఒక జేబులో ఉప్పు రేగుపండు బిళ్ళలు, ఇంకో జేబులో బంకమరకలు గీకే చిన్న రేకు. తొమ్మిదేళ్ళ కిందట, ఇప్పుడు పడమటి గేటు ఉన్నచోట, వాళ్ళ సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. భూగర్భ కంపెనీ ఆ స్థలం తీసుకుంది. కొట్టు చూరు కింద ఏటా వానకోయిలలు గూడు కట్టేవి. మార్చిలో కొట్టు పడగొట్టారు, ఏప్రిల్లో పిట్టలు వచ్చాయి. చూరు ఉండాల్సిన చోట రెండు రోజులు ఉత్త గాలిలో చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయట.

"చిరునామా ఇవ్వకుండా ఇల్లు మారడం నా తప్పే కదా" అంటుంది పిన్ని. నవ్వుతూనే అంటుంది. కానీ ఏప్రిల్ వచ్చిందంటే చీపురు నేల మీద ఉంటుంది, కళ్ళు దూలాల మీద ఉంటాయి.

ఉసుయి గారితో ఆవిడకి రోజూ పేచీయే. గీతకి ఇటు పడ్డ సిగరెట్ పీకని పిన్ని చీపురుతో ఒక్క తోపు తోసి అటు పంపేది. ఆయన చూడనట్టు చూసి వెనక్కి పంపేవాడు.

"ఉసుయి గారూ, ఇది మీ పీక. మీవైపు వాసనొస్తోంది."

"అవునా షిగెనో గారూ? మీవైపు నుంచి నడిచొచ్చింది మరి. పుట్టింటికి పంపిస్తున్నా."

ఇద్దరూ 'గారు' మాత్రం మానరు. వంగి నమస్కారం పెట్టుకుని మరీ దెబ్బలాడుకుంటారు.

ఆ పసుపు టేపు జనం కాళ్ళ కింద ఆరు నెలల్లో చివికిపోతుంది. వసంతంలో లోకల్ కంపెనీ తరఫున పిన్ని కొత్తది అతికించాలి, శరత్తులో భూగర్భ కంపెనీ తరఫున ఉసుయి గారు. పిన్ని రహస్యమంతా ఇక్కడుంది. వీధి స్నానశాలలో, ఆడవాళ్ళందరం కూర్చునే వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా మునిగి, తల మీద తువ్వాలు మడిచి పెట్టుకుని నాకు చెప్పింది.

"పాతది పీకుతాను కదా, కొత్తది ఒక వేలి మందం తూర్పుకి జరిపి అతికిస్తాను. ఏటా ఒక్క వేలు. తొమ్మిదేళ్ళకి తొమ్మిది వేళ్ళు. రెండు బెత్తెల మీద ఒక వేలు నేల ఆ ముసలాయనే తుడుస్తున్నాడు పాపం!"

"ఎందుకు పిన్నీ?"

"నా కొట్టు మీద గేటు కట్టారా లేదా? వాళ్ళు కొంచెం నడుం వంచితే నాకు సుఖంగా ఉంటుంది."

నిరుడు మే నెలలో పిట్టలు రానే వచ్చాయి. కాకపోతే ఊరంతా వదిలేసి సరిగ్గా గీత పైనున్న దూలానికి మట్టి మెత్తాయి. వారంలో గూడు లేచింది, గుడ్లూ పెట్టాయి. పొద్దున ఎనిమిది గంటల పన్నెండు నిమిషాల రైలు కోసం నిలబడ్డ ఒక ఆఫీసరు గారి కొత్త కోటు మీద తెల్లటి చుక్క పడింది. ఆయన ఫిర్యాదు రాశారు.

లోకల్ కంపెనీ స్టేషన్ మాస్టరు నెగిషి గారికి వానకోయిలలంటే ఇష్టం. "మావైపైతే కింద గొడుగు తిరగేసి కట్టేస్తాం, ఉండనివ్వండి" అన్నారు. భూగర్భ కంపెనీ స్టేషన్ మాస్టరు మోరియా గారు చెడ్డవారేం కాదు, కాకపోతే రూళ్ళ పుస్తకం వదలరు. "మావైపైతే తీసెయ్యాలి. మా పుస్తకంలో పిట్టలకి చోటు లేదు."

దారానికి ఒక నట్టు కట్టి గూటి మధ్య నుంచి వేలాడదీశారు. నట్టు టేపుకి పడమట ఆగింది. ఒక్క వేలి మందం.

"మాదే" అన్నారు మోరియా గారు దిగులుగా. "శుక్రవారం పై ఆఫీసు నుంచి తనిఖీ ఉంది. గురువారం తీయించేస్తాను."

ఆ ఒక్క వేలూ ఆ వసంతంలో పిన్ని జరిపిందే. బుధవారం సాయంత్రం మళ్ళీ తొట్టిలో కలిశాం. ఆవిడ నీళ్ళ మీద చూపుడువేలు పెట్టి చూసుకుంటూ అంది: "రెండోసారి కూడా నేనే పడగొడుతున్నానన్నమాట."

"నిజం చెప్పేస్తే?"

"ఉద్యోగం పోతుంది. అంతకన్నా ఘోరం, ఆ ఉసుయికి తెలిసిపోతుంది."

గురువారం పొద్దున నిచ్చెన వచ్చింది. నేను ఎనిమిది పన్నెండు రైలు వదిలేశాను. ఉసుయి గారు మొదటి మెట్టు మీద కాలు పెట్టారో లేదో పిన్ని వెళ్ళి నిచ్చెన పట్టుకుంది.

"ఆగండి! ఆ గీత అబద్ధం."

స్టేషన్ మాస్టర్లిద్దరూ తిరిగి చూశారు. పిన్ని నడుం దాకా వంగింది.

"తొమ్మిదేళ్ళుగా ఏటా ఒక వేలు తూర్పుకి జరిపాను. అసలు గీత ఇంకా తొమ్మిది వేళ్ళు పడమటికి ఉండాలి. అంటే గూడు పూర్తిగా మావైపే. నన్నేం చేసినా సరే, పిట్టలు మావి."

నెగిషి గారి మొహం పాలిపోయింది. "షిగెనో గారూ, ఇది పైకి తెలిస్తే మీ ఉద్యోగం..."

"తెలుసండీ. ముందు కొలవండి."

ఉసుయి గారు నిచ్చెన మీదే ఉండిపోయారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పాత నక్షా తెచ్చారు. చివరి స్తంభం నుంచి కొలతపట్టీ లాగారు. మోరియా గారు మోకాళ్ళ మీద కూర్చుని ఒకసారి కొలిచారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచారు.

"తొమ్మిది కాదమ్మా. ఒక్క వేలే జరిగింది."

"అదెలా కుదురుతుంది? వేలు పెట్టి మరీ కొలిచి జరిపాను!" పిన్నికి కోపం కూడా వచ్చింది. తొమ్మిదేళ్ళ కష్టం.

నిచ్చెన మీద నుంచి సన్నటి గొంతు వినిపించింది. "మిగతా ఎనిమిదీ... నేను."

అందరూ పైకి చూశారు.

"శరత్తులో నేను ఒక వేలు పడమటికి జరుపుతాను. నాకు మోకాళ్ళ నొప్పులు. ఈవిడ పీకలు తోసి తోసి నన్ను చంపుతుంటే, ఒక్క వేలైనా తగ్గుతుందని..."

"మీరా? నా గీత జరిపారా?"

"మీ గీత ఏమిటండీ? మీరు జరిపింది నా గీత కాదూ?"

తొమ్మిది వసంతాలు, ఎనిమిది శరత్తులు. ఒకరినొకరు మోసం చేస్తున్నామని మురిసిపోతూ ఇద్దరూ కలిసి గీతని ఉన్నచోటే కాపాడారు. మోరియా గారు టేపు పీకి నక్షాలో ఉన్నచోట అతికించారు. మళ్ళీ దారం వదిలారు. నట్టు ఊగి ఊగి సరిగ్గా టేపు నడుమ ఆగింది.

గూడు గీత మీద ఉంది. సగం ఇటు, సగం అటు. అటువంటి గూటి గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

ఇద్దరి మీదా ఫిర్యాదు పంపితే రెండు కంపెనీల పరువూ పోతుంది. అందుకని ఇద్దరిచేతా క్షమాపణ పత్రాలు రాయించి సొరుగులో పెట్టేశారు. 'తొమ్మిది వేళ్ళ నేల ఎగ్గొట్టానని అనుకున్నాను, ఒక్క వేలే ఎగ్గొట్టినట్టు తెలిసి చింతిస్తున్నాను' అని రాసింది పిన్ని. గూటి సంగతి తేల్చమని పై ఆఫీసులకి ఉమ్మడి ఉత్తరం వెళ్ళింది. దాని మీద అటు ఆరు, ఇటు ఆరు ముద్రలు పడాలి. ఈలోగా ఎవరో మరిచిపోయిన గొడుగొకటి తిరగేసి గూటి కింద కట్టారు.

పన్నెండో ముద్ర పడేసరికి జూలై నెలాఖరైంది. పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. జవాబులో ఇలా ఉంది: 'గూడు హద్దు మీద ఉన్నందున ఉభయ సంస్థల సిబ్బంది చెరి సగం తొలగించవలెను.'

మళ్ళీ నిచ్చెన వచ్చింది. ఇద్దరూ కింద నిలబడ్డారు.

"ముందు మీరు కానివ్వండి, ఉసుయి గారూ. పెద్దవారు."

"అబ్బే, మీ ముందు నేనెంత? మీరే కానివ్వండి."

"నా సగం తీస్తే మీ సగం కూలిపోతుంది. మీ కంపెనీ ఆస్తి పాడుచేసిన పాపం నాకెందుకు?"

"సరిగ్గా నా భయమూ అదేనండీ."

వంగి వంగి నమస్కారాలు పెట్టుకున్నారు. ఎవరూ ఎక్కలేదు. స్టేషన్ మాస్టర్లిద్దరూ గడియారం చూసుకుని టీకి వెళ్ళిపోయారు.

తొలగింపు ఎంతవరకు వచ్చిందని ఇప్పటికీ నెలనెలా కాగితం వస్తుంది. 'అవతలివారి సగం కోసం ఎదురుచూస్తున్నాము' అని ఇద్దరూ ఒకే మాట రాస్తారు. ఈ మే నెలలో మాత్రం పిన్ని కొత్త వాక్యం ఒకటి చేర్చింది: 'మా సగంలో నాలుగు నోళ్ళు ఉన్నాయి.'

దాని కింద ఉసుయి గారి చేతిరాత: 'మా సగంలో నాలుగు తోకలు ఉన్నాయి. గొడుగు కడగడం ఎవరి వంతో దయచేసి తేల్చగలరు.'