పొయ్యి వెలిగించని కోడికూర

ముప్పాళ్ళ బడిలో మధ్యాహ్న భోజనం వండే నాగలక్ష్మికి పొయ్యంటే మొహం మొత్తి చాలాకాలమైంది. రోజూ నూట ఎనభై మంది పిల్లలకు అన్నం, సాంబారు వండి, గుడ్లు ఉడికించి, గుండిగలు తోమి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం. ఇంట్లో మళ్ళీ పొయ్యి. ఆదివారం బడికి సెలవు గానీ, పొయ్యికి ఎక్కడి సెలవు!

సత్తెనపల్లిలో ల్యాబులో పనిచేసే కూతురు మహేశ్వరి తల్లి అవస్థ చూడలేక మైక్రోవేవ్ ఓవెన్ కొనిపెట్టింది. పాలు వేడిచేయడానికి తప్ప దాని జోలికి ఎవరూ పోలేదు. ఒక బుధవారం కూతురు ఫోనుకు వీడియో పంపి, జపాన్‌లో కోడిని ఇలా చేసుకుంటారట, నూనె లేదు, పొయ్యి లేదు, ఆరు నిమిషాలే అని చెప్పింది. నాగలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క సాయంత్రం పొయ్యి ముందు నిలబడకుండా గడిస్తే చాలనుకుంది.

ఎముకల్లేని ముక్కలు తెచ్చి కడిగింది. అల్లం తురుము, కాస్త సోయా సాస్ పట్టించి, గాజు గిన్నెలో మూతపెట్టి ఓవెన్‌లో ఉంచింది. ముక్క విరిచి చూస్తే లోపలిదాకా ఉడికింది. పైన నువ్వులు, ఉల్లికాడలు చల్లింది. అన్నం కరెంటు కుక్కర్లో అయింది. వాసన బాగుంది. రంగే, పాపం, పాలిపోయి ఉంది.

తంటా అక్కడే వచ్చింది. ట్రాక్టరు తోలి అలసి వచ్చిన మొగుడు దానయ్య కంచంలోకి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పల్నాటివాడికి ఎర్రగా లేని కోడి ఉడికిన కోడే కాదు. పచ్చిమాంసం తిని ఈవిడ ఎక్కడ రోగం తెచ్చుకుంటుందోనని నిజంగానే కంగారుపడ్డాడు. ఉడికిందని ఆమె ఎంత చెప్పినా చెవికెక్కలేదు.

"ఏమే, కాస్త కారమేసి పొయ్యి మీద తిప్పుకురా. ఎంతసేపు?" అన్నాడు.

"నావల్ల కాదయ్యా. ఇయ్యాల పొయ్యి దగ్గరికి నేను పోను," అంది నాగలక్ష్మి.

కాపురానికొచ్చిన పాతికేళ్ళలో ఆమె అలా అనడం ఇదే మొదలు. అనేసి, తన కంచంలోది తాను తిన్నది. బాగుంది కూడా.

దానయ్య గొణుక్కుంటూ గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయాడు. పొయ్యి వెలిగించి, నూనె పోసి, గుప్పెడు కారం కుమ్మరించాడు. అసలే రేకుల కప్పు, ఆపై ఎండాకాలం. ఘాటుకు దగ్గు, సెగకు చెమట. పది నిమిషాలకే చొక్కా తడిసి ముద్దయింది. ముక్కలు మాడి పీచులయ్యాయి. స్టవ్ కట్టేసి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గడపలోకి వచ్చాడు.

"ఇంత సెగలో రోజూ ఎట్టా నిలబడతన్నావే?" అన్నాడు.

ఎవరైనా ఆ మాట ఒక్కసారి అడగాలని ఆమె పాతికేళ్ళు ఎదురుచూసింది. తీరా అడిగిననాడు విననే లేదు. ఎంగిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోడకు చేరగిలబడి అప్పటికే నిద్రపోయింది.