జకరయ్య చెవులు, జడ్జిగారి ఏసీ మిషను

తోటపల్లి గూడూరు జకరయ్య పదకొండేళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెసర్ పక్కనే పనిచేశాడు. ఆ మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి ఏదో పావు వంతు మిగిలింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇళ్ళకు పోయి మిషన్లు బాగుచేస్తాడు. మోతను బట్టి మిషను రోగం పట్టేస్తాడని నెల్లూరులో ఆయనకు పేరు. ఆ పేరు మీదే ఇల్లు నడుస్తోంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ ఇంటికి పోయినా మిషను మీద అరచెయ్యి ఆనించి, ఇంట్లోవాళ్ళను ఎదురుగా నిలబెట్టి, అది ఎట్లా మోగుతోందో నోటితో చేసి చూపించమనేవాడు. వాళ్ళ పెదవులు చూసి గ్రహించేవాడు. జనం అదేదో పెద్ద విద్య అనుకున్నారు.

1964 ఎండాకాలంలో పొగతోట నుంచి, రిటైరైన సబ్‌జడ్జి సంజీవరావు గారు కబురు పెట్టారు. మద్రాసు వేలంలో కొని కిటికీలో బిగించిన ఏసీ మిషను రోజుకు నాలుగైదు సార్లు మొరాయిస్తోంది. మద్రాసు మెకానిక్కులు ఇద్దరు వచ్చి చూశారు గానీ, వాళ్ళు గదిలో ఉన్నంతసేపూ అది బుద్ధిగా పనిచేసింది.

జకరయ్య ముందుగా జడ్జిగారి భార్య రాఘవమ్మ గారిని ఆ మోత చేసి చూపించమని అడిగాడు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని మూలిగారు. కొంగు తీయమని బతిమాలుకోవాల్సి వచ్చింది. వంటమనిషి పెంచలమ్మ మాత్రం తనకు వంటింట్లోకి "టక్" అనేదొక్కటే వినపడుతుందని చెప్పింది. ఏది ముందో, ఏది వెనకో తేలలేదు.

"అయ్యా, మీరు కూడా ఒకసారి చెయ్యాల" అన్నాడు జకరయ్య.

ఎన్నో ఏళ్ళు కోర్టులో ఇతరుల నోళ్ళు మూయించిన మనిషి సంజీవరావు గారు. ఆడవాళ్ళను బయటికి పంపించి, తలుపు వేసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మ్‌మ్‌మ్" అని చాలాసేపు మూలిగి, చివర "టక్" అన్నారు.

మూలుగు ముందు, టక్ వెనక. మోటారు తిరగబోయి తిరగలేకపోతోందన్న మాట. జకరయ్య మిషను ఆపి వెంటనే వేశాడు. అరచేతి కింద అది వణికింది, ఒక్క దెబ్బ కొట్టి ఆగింది. అయిదు నిమిషాలు ఆగి వేస్తే చక్కగా తిరిగింది. మీరు ఎప్పుడెప్పుడు ఆపుతారని అడిగాడు. దుబారా గిట్టని జడ్జిగారు గుమ్మం దాటినప్పుడల్లా ఆపి, తిరిగి రాగానే వేస్తున్నారు.

"మిషనులో దోషం లేదయ్యా. ఆపినాక లోపల గ్యాసు ఒత్తిడి దిగాల. దిగకముందే వేస్తే మోటారు తిరగలేదు. కాలిపోకుండా లోపలి స్విచ్చి ఆపేస్తుంది."

"అంటే దోషం నాది."

"మీదే అయ్యా."

జకరయ్య వంగి సామాను సర్దుకుంటుంటే జడ్జిగారు వెనక నుంచి మూడుసార్లు పిలిచారు. జవాబు లేదు. ముందుకు వచ్చి నిలబడి, "నీకు వినపడదు కదూ?" అని అడిగారు.

అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ ఎదుటి మనిషి జడ్జి. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఇంతటితో తన పని అయిపోయిందనుకున్నాడు. సంజీవరావు గారు కుర్చీలో కూర్చుని ఒక ఉత్తరం రాసి ఇచ్చారు. "ఈ పత్రము తెచ్చు జకరయ్యకు చెవులు వినపడవు. మిషను మోతను ఇంటి యజమాని స్వయముగా నోటితో చేసి చూపవలెను. సిగ్గుపడరాదు. నేను చేసితిని."

వారం రోజులు ఆ ఉత్తరం జేబులోనే ఉంది. కోవూరులో ఒక బియ్యం మిల్లు యజమాని, అడిగినదానికి జవాబు చెప్పడేమని విసుక్కుంటే, గత్యంతరం లేక తీసి ఇచ్చాడు. ఆయన రెండుసార్లు చదివి, లేచి నిలబడి, పంచె సర్దుకుని, బుసకొట్టి చూపించాడు. పని తగ్గలేదు. జకరయ్య వస్తున్నాడంటే జనం ముందే సాధన చేసి పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఊరందరికీ తెలిసింది గానీ భార్య ఎస్తేరమ్మకు చెప్పడానికే ధైర్యం చాల్లేదు. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక, ఆమె చేపలు తోముతుంటే పక్కన కూర్చుని చెప్పాడు. ఎస్తేరమ్మ అతనికి కనపడేటట్టు ఇటు తిరిగింది.

"ఆరేళ్ళ నుంచి నేను అరస్తా ఉండేది కోపంతో అనుకుంటివా?"

జకరయ్య నిజంగా అట్లాగే అనుకున్నాడు.