వ్యాగను పలకల మీద సాక్సోఫోన్

చరోదా రైల్వే కాలనీలో నా మాటలు సగం కోసేసి వినడం అందరికీ అలవాటు. ఇది మాత్రం కోయకుండా చదవమని మనవి. ఎందుకంటే ఇందులో నేను ఆడిన అబద్ధం ఒక్కటే, అది ఎక్కడుందో నేనే చెప్పేస్తాను.

పంతొమ్మిది వందల అరవై ఆరో, అరవై ఏడో. శనివారం సాయంత్రాలు మా ఇన్‌స్టిట్యూట్, అదే మా రైల్వే వాళ్ల క్లబ్బు, హాల్లో ఇద్దరు పెద్దవాళ్లు వాయించేవారు. ఒకాయన రిటైరైన ఇంజను డ్రైవరు, ఆయనది సాక్సోఫోన్. రెండో ఆయన ఆ డ్రైవరు గారి బావమరిది, రిటైరైన గూడ్సు గార్డు. ఈయనది బేస్. చూడ్డానికి ఫిడేలే గానీ మనిషికన్నా పొడవు. నిలబెట్టి, కావిలించుకుని, తీగెలు వేళ్లతో లాగి మోగించాలి. యుద్ధం రోజుల్లో ఖరగ్‌పూర్‌లో అమెరికా సిపాయిల దగ్గర పట్టిన పాత జాజ్ పాటలు ఇద్దరికీ ఓ పాతిక వచ్చు. పాతికేళ్లుగా అవే పాటలు. అయినా ఒక శనివారం విన్నట్టు ఇంకో శనివారం వినబడేవి కావు.

నాకు అప్పటికి ముప్పై ఏళ్లు. దెబ్బతిన్న వ్యాగన్లు బాగుచేసే సిక్ లైన్లో పని. పాటలకన్నా నన్ను పట్టుకున్నది డ్రైవరు గారి బూట్లు. ఆయన కోటూ టైతో, మొహం కనబడేంత పాలిష్ చేసిన బూట్లతో వచ్చేవారు. స్టేజీ ఎక్కగానే బూట్లూ మేజోళ్లూ విప్పి పక్కన పెట్టి, ఒట్టి పాదాలతో నిలబడి వాయించేవారు.

ఒకరోజు అడిగేశాను.

"కాళ్లకి గాలి గావాల బాబూ. ముప్పయ్యేళ్లు బాయిలరు ముందల నిలబడినాను" అన్నారు.

అంత చిన్న జవాబు నాకు ఆనలేదు. గమనించడం మొదలెట్టాను. గార్డు గారు అరచెయ్యి పైకెత్తి చూపిస్తే గానీ డ్రైవరు గారు పాట మొదలెట్టరు. సర్వీసులో గార్డు జెండా ఊపితే గానీ బండి కదలదు కదా, అదే అలవాటనుకున్నాను. వెనక నుంచి పిలిస్తే పలకరు. ఓ శనివారం క్యాంటీన్ వాడి చేతిలోంచి ఇత్తడి పళ్లెం జారి స్టేజీ వెనక ఢాం అని పడింది. హాలంతా ఉలిక్కిపడింది, ఆయన కనురెప్ప కూడా కదల్లేదు. కానీ బేస్ ఎటు తిరిగితే సాక్సోఫోన్ అటే తిరిగేది. ఇదెలాగ?

మరుసటి శనివారం నేనూ చెప్పులు విప్పి ఆ చెక్క స్టేజీ మూల నిలబడ్డాను. గార్డు గారు తీగె లాగినప్పుడల్లా చెక్కలోంచి ఓ దెబ్బ నా అరికాలికి తగిలి మోకాలిదాకా ఎక్కింది. విషయం అర్థమైపోయింది.

పాట అయ్యాక గార్డు గారు నన్ను వరండాలోకి లాక్కెళ్లారు.

"సూసీసినావు. ఇప్పుడు కేంపు టూ బస్తీ దాకా టముకేస్తావేటి?"

"పూర్తిగా వినబడదా బాబాయ్?"

"రెండేళ్లయింది. మాటైతే మొకం సూసి పట్టీస్తాడు. మా అప్పకి కూడా తెల్దు. పెళ్లయిన కాణ్ణుంచీ పిలిస్తే పలకడు, దానికి తేడా ఏటి తెలుస్తాది?" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారు. "చెవుడని తెలిస్తే జాలిపడి చప్పట్లు కొడతారు. ఆ రోజుతో వాయించడం మానీస్తాడు. అది మానీస్తే ఆయనకింకేటీ నేదు. నీ నోరు నువ్వే కాసుకో."

కాసుకున్నాను. నాకు ఎంత కష్టమైందో నా భార్యనడగండి.

ఆ వానాకాలం వెళ్లాక ఇన్‌స్టిట్యూట్ కొత్త హాల్లోకి మారింది. లైను పక్కనే, సిమెంటు స్టేజీ. కొత్త సెక్రటరీ రికార్డులు వేసే పెట్టె ఒకటి తెప్పించి, "చాచాలని ఒక్క శనివారం చూద్దాం. బాగుంటే ఉంటారు, లేకపోతే ఇకమీదట రికార్డులే" అన్నాడు.

రెండ్రోజుల ముందు గార్డు గారు సిక్ లైనుకొచ్చి నా పక్కన కూలబడ్డారు. "సిమెంటు మీద ఆ కాళ్లకి ఏటీ అందట్నేదు. నిన్న సూసినాం. నానొక దారి, ఆయనొక దారి."

ఆ రోజు ఒక వ్యాగను నేల పలకలు మారుస్తున్నాం. పాతవి గట్టి సాల్ చెట్టు చెక్కవి, బొగ్గూ రాయీ మోసి నల్లబడ్డవి. మేస్త్రీనడిగి ఎనిమిది పలకలు తీసుకుని, అడ్డకర్రలేసి బిగించి, శనివారం స్టేజీ మీద పరిచాను. వాళ్లిద్దరూ, బేసూ దానిమీదే నిలబడాలి.

సెక్రటరీ వచ్చి ఈ చెక్కలెందుకని అడిగాడు: "భయ్యా, ఏ తఖ్తా కిస్‌లియే?"

ఇదిగో, అబద్ధం ఇక్కడుంది. డ్రైవరు గారు మొట్టమొదట నడిపిన ఇంజనులో నిలబడిన పలకలివేననీ, ఆ ఇంజను తుక్కుకి పోతుంటే ఏడ్చి తెచ్చుకున్నారనీ, బూట్లతో తొక్కనని ఒట్టేసుకున్నారనీ చెప్పాను. సెక్రటరీ తన బూట్లు విప్పి, వంగి ఆ పలకల్ని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

రెండు పాటలు చక్కగా నడిచాయి. మూడోది నెమ్మది పాట. డాన్సుకి లేచిన జంటలు అప్పుడే అడుగు కలిపాయి. అంతలో హాలు వెనక ఇనుప ఖనిజం నింపిన గూడ్సు ఉక్కు ప్లాంటు వైపు కదిలింది. స్టేజీ, దానితోపాటు నా పలకలు వణికాయి. డ్రైవరు గారి కాలివేళ్లు విచ్చుకున్నాయి. కళ్లు మూసుకునే ఉన్నారు. పాట వేగం పెరిగింది.

గార్డు గారు నా వైపు చూశారు. తీగె లాగడం మానేసి పాట ఆపొచ్చు. ఆపలేదు. ఇంజను ఎంత లాగితే అంత వెళ్లడం తప్ప ఆయన సర్వీసులో ఇంకేం చేశారు? వేళ్లు పరిగెత్తించారు. జంటలు తడబడి, నవ్వి, గిరగిరా తిరగసాగాయి. బండి చివరి బ్రేకువాను కూడా దాటాక చప్పుడు దూరమైపోతుంటే సాక్సోఫోనూ సన్నబడి, ఒట్టి ఊపిరైపోయి ఆగింది.

హాలు లేచి నిలబడింది. డ్రైవరు గారు కళ్లు తెరిచి బావమరిదిని కోప్పడ్డారు.

"ఏటిరా, ఇయ్యాల నన్నలా పరిగెట్టించీసినావు?"

"బండి లేటయిపోనాది బావా" అన్నారు గార్డు గారు, మొహం ఎదురుగా పెట్టి.

సెక్రటరీ రికార్డుల పెట్టె మీద గుడ్డ కప్పించాడు. ఆ రైలు పాటే ప్రతి శనివారం కావాలన్నాడు. గూడ్సుకి వేళెక్కడిది? అందుకని గార్డు గారు, బండి వస్తోందని గుర్తుగా సిగ్నలు చెయ్యి వాలడం కిటికీలోంచి చూసుకుని, అప్పుడు అరచెయ్యి ఎత్తేవారు. పాటని పరిగెత్తించేది బండేనని బావకి తెలియదనే ఆయన నమ్మకం.

నేను మాత్రం ఒక శనివారం ఎదురు బెంచీలో కూర్చుని చూశాను. సిగ్నలు వాలిన క్షణాన గార్డు గారు తీగెలు సవరించుకుంటున్నారు. కిటికీ వైపు ముందు చూసింది డ్రైవరు గారే. చూసి, సాక్సోఫోన్ నోటిదాకా తెచ్చుకుని, చెయ్యి పైకి లేచేదాకా ఏమీ ఎరగనట్టు నిలబడ్డారు.