బెంజ్ సర్కిల్ హోటల్లో పొద్దుటి నిద్ర

గవర్నర్‌పేటలో మా ఇంటి నుంచి బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆ పెద్ద హోటలుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. సాయంత్రం నాలుగుంబావుకు నేనూ మా ఆయనా ఒక్క చేతిసంచీతో ఆటో ఎక్కాం. ఇంతకంటే చిన్న యాత్ర చేసినవాళ్లుంటే నాకు చెప్పండి.

ఎందుకు బయల్దేరామంటే, నాకు ఒక్క పూట పొద్దుటి నిద్ర కావాలి. కాపురానికొచ్చి ముప్పై ఏళ్లు. ఏ రోజూ ఐదు దాటాక లేవలేదు. పాలు, కాఫీలు, అత్తయ్య మందులు, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లే ఈయన క్యారేజీ. చుట్టాలింటికెళ్తే అక్కడా వంటింట్లోకే దారి. అందుకే గది బుక్ చేయించాను. ఊళ్లో ఇల్లు పెట్టుకుని హోటల్లో పడుకుంటామని చెప్పడానికి మొహం చెల్లక, గుంటూరులో పెళ్లికెళ్తున్నామని ఇంట్లో చెప్పాం.

“ఫంక్షనాండీ?” అన్నాడు ఆటో ఆయన.

“కాదు, పడుకోవడానికి,” అన్నాను. అద్దంలోంచి మా ఇద్దర్నీ ఓసారి చూసి గేరు మార్చాడు.

బందరు రోడ్డు ట్రాఫిక్ దాటి నాలుగూ ముప్పావుకు దిగాం. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ నిమ్మరసం ఇచ్చింది. ఆధార్ కార్డులు చూడగానే ఆ నవ్వు కాస్తా పోయింది.

“సారీ మేడమ్, లోకల్ అడ్రస్‌కి రూమ్ ఇవ్వమండి.”

మేనేజరొచ్చాడు. నా కార్డులో భర్త పేరు చూపించాను.

“పెళ్లి సంగతి కాదండీ. లోకల్ వాళ్లకిస్తే గొడవలొస్తాయి. అయినా ఇల్లు ఊళ్లోనే ఉండగా రూమెందుకు మేడమ్?”

ఒళ్లు మండిపోయింది. హైదరాబాదు నుంచి వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడుగుతాడా? చివరికి, ఇంట్లో పెద్దవాళ్లెవరితోనైనా ఫోన్లో ఒక మాట చెప్పిస్తే చూస్తానన్నాడు. నాకు యాభై రెండు, ఈయనకి యాభై ఎనిమిది!

“పోనీలే, ఇంటికెళ్లిపోదాం. పరువు పోతుంది,” అన్నాడు మా ఆయన.

“మీకు పరువు కావాలంటే వెళ్లండి. నేను కదలను.”

అరగంట సోఫాలో కూర్చున్నాను. తర్వాత అత్తయ్యకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. “అత్తయ్యా, మేం గుంటూరు వెళ్లలేదు. ఇక్కడ బెంజ్ సర్కిల్లో హోటల్లో ఉన్నాం. మేం మొగుడూ పెళ్లాలమేనని, ఇంట్లో గొడవేమీ లేదని ఈ మేనేజరుగారికి చెప్పండి.”

ఫోన్ మేనేజరు వైపు జరిపాను.

“ఎవరు బాబూ?” అంది అత్తయ్య. “వాడు నా కొడుకు, అది నా కోడలు. ఇంత వయసొచ్చినవాళ్లకి నా పర్మిషనేంటి? సిగ్గుండక్కర్లా? ముందు వాళ్లకి తాళమియ్యి.”

ఐదున్నరకు తాళమిచ్చారు. ఊళ్లోవాళ్లెవరైనా అక్కడికి వెళ్లదలిస్తే, బట్టలు మర్చిపోయినా ఫర్వాలేదు, ఫోన్ ఎత్తే అత్తగారుండాలి. గది బాగానే ఉంది. పరుపు మెత్తన, ఫ్లైఓవర్ మీద కార్ల చప్పుడు లోపలికి రాదు. రాత్రి భోజనంలో పప్పు మాత్రం చప్పిడి.

పొద్దున్న ఐదింటికి అలవాటుగా మెలకువ వచ్చింది. పంతం పట్టి మళ్లీ కళ్లు మూసుకున్నాను. లేచేసరికి ఎనిమిది. కాఫీ గదికే తెచ్చారు. నీళ్లలా ఉంది, కానీ నేను పెట్టింది కాదు. చుక్క మిగల్చకుండా తాగాను.

ఖాళీ చేసేటప్పుడు అభిప్రాయం రాయమని మేనేజరు కాగితమిచ్చాడు. “ఊళ్లోవాళ్లకీ నిద్రొస్తుంది” అని రాసిచ్చాను.

పదిన్నరకు సిటీ బస్సెక్కాం. దారి పొడుగునా ఆ మేనేజర్ని తిడుతూనే ఉన్నాను. ఇంటి మెట్లెక్కుతుంటే మాత్రం, అబద్ధం చెప్పినందుకు అత్తయ్య ఏమంటుందోనని భయమేసింది.

ఆవిడ తలుపు తీసి, “ఎన్నింటికి లేచావే?” అంది.

“ఎనిమిదింటికి.”

నా చేతిలోంచి సంచీ అందుకుంది.

“కాపురానికొచ్చిన కొత్తలో ఐదింటికి నీ తలుపు కొట్టింది నేనే కదే. మా అత్త నాకు నాలుగింటికే కొట్టేది. నీకు గంట తగ్గించానని మురిసిపోయాను.”